ఒక్క పూట ఆయా

మా ఆడపడుచు నర్సు. ఈ ముక్క చెప్పుకోవడానికి నేనెప్పుడూ వెనకాడలేదు. మధ్యలో కొంతకాలం ఆమె నర్సే కాదన్నారు. అన్నది ముక్కూ మొహం తెలియనివాళ్ళు కాదు, ఆమె రెక్కల కష్టం మీద అంతస్తు మీద అంతస్తు వేసుకున్నవాళ్ళు. పోయిన పేరును తిరిగి ఎక్కించుకోవడానికి ఆమె ఏం పడిందో దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఆమె మా ఆయనకు చెల్లెలు. నేను కాపురానికి వచ్చేటప్పటికి రెండు జడలతో బడికి పోయే పిల్ల. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా పక్కనుంచి లేచేది కాదు. నేనయితే జ్వరం వచ్చినవాళ్ళ మీద కేకలేసే రకం, ఎందుకు తెచ్చుకున్నావని అడుగుతాను. ఆమె అడగదు. తడిగుడ్డ వేస్తుంది, గ్లాసు నోటికి అందిస్తుంది, అలా కూర్చుంటుంది. నోట్లో నాలుక లేని పిల్ల అని అందరూ మెచ్చుకునేవారు. నేను మెచ్చుకోలేదు. ఒకరి నోట్లో నాలుక లేకపోతే ఆ లోటు ఇంకొకరు తీర్చాలి. మా ఇంట్లో ఆ పని నా నెత్తిన పడింది.

నర్సు చదువు చదివింది. చదువు అయిపోగానే నర్సు అయిపోరని నాకు అప్పుడే తెలిసింది. కౌన్సిల్ అని ఒక ఆఫీసు ఉంది. అక్కడి రిజిస్టర్లో పేరు ఎక్కాలి, ఒక నంబరు రావాలి. కొన్నేళ్ళకోసారి ఆ పేరును రెన్యువల్ చేయించుకోవాలి. పేరు లేనివాళ్ళు రోగికి సూది వేయకూడదు, మందు ఇవ్వకూడదు. పేరు లేనివాళ్ళచేత ఆ పని చేయించుకున్న ఆసుపత్రిది కూడా తప్పే. చట్టంలో తప్పు రెండు వైపులా రాసి ఉంది. దెబ్బ మాత్రం ఏ వైపు మెత్తగా ఉంటే ఆ వైపు పడుతుంది.

నంబరు వచ్చిన రోజున ఆమె ఇంటికొచ్చి దాన్ని మా ఆయనకు చెప్పింది, నాకు చెప్పింది, పక్కింటివాళ్ళకు చెప్పింది. వాళ్ళకు ఆ అంకెలతో ఏం పని? అయినా చెప్పింది. ఆ పిల్ల అంతగా నోరు విప్పడం నేను అంతకుముందు చూడలేదు. సంబంధాలు కొన్ని వచ్చాయి. నైట్ డ్యూటీ చేసే పిల్ల మాకొద్దని ఒకరు, డ్యూటీ మానేస్తే సరేనని ఇంకొకరు. మీ అబ్బాయినే ఉద్యోగం మానేయమనండి, మా పిల్ల పోషిస్తుందని నేనన్నాను. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఆమె బాధపడలేదు. నర్సునన్న మాట ఒక్కటి చాలు ఆమెకు.

చేరింది ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. అక్కడ పెద్ద డాక్టరు రోగులను చూస్తాడు, రోగులు తప్ప మిగతావన్నీ ఆయన భార్య చూస్తుంది. ఆవిడను అందరూ మేడమ్ అంటారు. చేరిన రోజునే ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. అక్కడ ఎవరు చేరినా అంతే. భద్రంగా ఉంటాయన్నారు. నిజమే, గొలుసుకు కట్టేసిన కుక్క కూడా భద్రంగానే ఉంటుంది. ఒరిజినల్స్ చేతిలో లేని నర్సు ఇంకో ఆసుపత్రి గడప తొక్కలేదు. రెన్యువల్ కూడా ఆఫీసే చూసుకునేది. గడువు రాగానే మేనేజరు అందరివీ ఒక కట్టగా కట్టి కౌన్సిల్‌కు పంపేవాడు. వీళ్ళు అడగరు, వాళ్ళు చెప్పరు. అలా ఏళ్ళు గడిచాయి. ఆమె జుట్టు నెరిసింది, ఆపరేషన్ వార్డుకు పెద్ద దిక్కయింది. కొత్తగా చేరిన పిల్లలు చేయి తిరిగేదాకా ఆమె కొంగు వదిలేవారు కాదు.

వాళ్ళలో చిలక అని ఒక పిల్ల ఉంది. అసలు పేరు అది కాదు, నోరు మూయదని వార్డంతా కలిసి పెట్టిన పేరు. కౌన్సిల్ రిజిస్టరు ఇప్పుడు ఫోన్లో కూడా కనిపిస్తుందట. ఒకరోజు మధ్యాహ్నం టీ తాగుతూ ఆ పిల్ల తన పేరు చూసుకుంది, బాగానే ఉంది. అక్కా నీది కూడా చూస్తానని సరదాగా ఈమె నంబరు కొట్టింది. పేరు వచ్చింది. పేరు పక్కన గడువు దాటింది, చెల్లదు అని వచ్చింది. గడువు దాటి ఏళ్ళయింది.

ఈమె టీ గ్లాసు అక్కడే పెట్టి మేనేజరు దగ్గరకు వెళ్ళింది. ఆయన కాసేపు నీళ్ళు నమిలి అసలు సంగతి బయటపెట్టాడు. ఎన్ని మంచాలుంటే అందుకు తగినంత మంది నర్సుల పేర్లు చూపిస్తే సరిపోతుంది, అందరికీ ఎందుకని మేడమ్ అన్నదట. అందుకని ఆ కట్టలోంచి కొందరివి పక్కన పెట్టేశారు. తనదే ఎందుకు పక్కన పెట్టారని ఈమె అడిగింది.

“కుర్రపిల్లలకి రెన్యువల్ చేయకపోతే గొడవపెట్టి వెళ్ళిపోతారు సిస్టర్,” అన్నాడు మేనేజరు. “మీరెక్కడికి పోతారు? మీరు మన మనిషి కదా.”

ఆ మాట ఆమె ఇంటికొచ్చి నాతో చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. మన మనిషి అంటే మనం మోసం చేసినా పోని మనిషి అని అర్థమన్నమాట. వెళ్ళి నిలదీయమన్నాను. ఆమె నిలదీయలేదు, మేడమ్‌ను అడిగింది. మేడమ్ చాలా తియ్యగా మాట్లాడిందట. పొరపాటు జరిగిపోయిందని, ఇంత ఆలస్యమైన పేరును మళ్ళీ ఎక్కించాలంటే ఇన్నాళ్ళూ నర్సుగానే పనిచేసిందని ఆసుపత్రి ఉత్తరం ఇవ్వాలని, ఆ ఉత్తరం తానే దగ్గరుండి రాయించి ఇస్తానని. కాకపోతే ఒక చిన్న ఇబ్బంది ఉంది. వచ్చే వారం కౌన్సిల్ నుంచి తనిఖీకి వస్తున్నారు. పేరు లేని నర్సు వార్డులో కనబడితే ఆసుపత్రికే ముప్పు. ఆ గండం గట్టెక్కితే ఆ తర్వాత అంతా తన పూచీ.

గండం గట్టెక్కే ఉపాయం కూడా మేడమే చెప్పింది. తనిఖీ పూట ఈమె నర్సు యూనిఫాం వేసుకోకుండా, ఆయాలు వేసుకునే బూడిద రంగు కోటు వేసుకోవాలి.

“సెలవు పెట్టి ఇంట్లో పడుండవే,” అన్నాను నేను. “నువ్వు లేకపోతే నీ మీద ఎవరేం రాస్తారు?”

“ఆ పూట చూపించడానికి వేరే ఆసుపత్రి నుంచి అరువుకి తెస్తున్న నర్సు పిల్లలు వదినా. వాళ్ళకి దూది ఎక్కడుంటుందో కూడా తెలీదు. అప్పుడే ఆపరేషన్ అయినవాళ్ళు ఉంటారు వార్డులో.”

“ఉంటే వాళ్ళ డాక్టరు చూసుకుంటాడు.”

“ఒక్క పూటే కదా వదినా. ఆ ఉత్తరం వస్తే చాలు.”

మా ఆయన పేపరు చదువుతున్నట్టు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అన్నాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే పోత, వెన్ను మాత్రం వెయ్యడం మర్చిపోయారు.

ఆ తర్వాత జరిగింది కొంత ఆమె చెప్పగా, కొంత పెద్దాయా చెప్పగా నాకు తెలిసింది. పెద్దాయా అంటే ఆ ఆసుపత్రిలో ఆయాలందరికన్నా పాతమనిషి. వార్డు తుడవడం, రోగుల గుడ్డలు మార్చడం, గిన్నెలు పట్టడం ఆవిడ పని. ఈమెకు సరిపడే కోటు ఆవిడదే. పొద్దున్నే గదిలో ఈమె ఆ కోటు చేతిలో పట్టుకుని వేసుకోలేక నిలబడి ఉంటే, పెద్దాయా చూసి చూసి అన్నదట:

“ఉతికే తెచ్చానమ్మా. అంత దూరంగా పట్టుకోనక్కర్లేదు.”

ఈమెకు తల కొట్టేసినట్టయింది. అది కాదు పెద్దాయా అని ఏదో చెప్పబోయింది. అదే, నాకు తెలుసు అని ఆవిడ చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. ఈమె కోటు వేసుకుంది.

తనిఖీకి ఇద్దరు వచ్చారు, ఒక కళ్ళజోడు ఆవిడ, ఆవిడ వెనక ఫైలు పట్టుకుని ఒకాయన. వార్డు ఆ పూట పెళ్ళివారి విడిదిలా ఉందట. మెట్ల కింద ఉండే మంచాలు మాయం, ఎవరూ ఎప్పుడూ చూడని పూలకుండీలు ప్రత్యక్షం. అరువు నర్సులు మంచానికి ఒకరు చొప్పున బొమ్మల్లా నిలబడ్డారు. మా ఆడపడుచు ఒక మూల గుడ్డతో కిటికీ ఊచలు తుడుస్తూ ఉంది. మోకాలి ఆపరేషన్ అయిన ఒక ముసలాయన అలవాటుగా సిస్టరమ్మా అని పిలిచాడు. ఈమె తిరగలేదు. అరువు పిల్ల పలికింది. నువ్వు కాదమ్మా, ఆ సిస్టరమ్మ అని ఆయన వేలు చూపించబోతే మేనేజరు అడ్డం వచ్చి ఆయన దిండు సర్దాడు. ఆ ఆసుపత్రి చరిత్రలో మేనేజరు దిండు సర్దడం అదే మొదలు.

ముసలాయనకు సెలైన్ ఎక్కుతోంది. అది అయిపోయింది. సీసా ఖాళీ అయ్యి రక్తం వెనక్కి గొట్టంలోకి పాకుతోంది. అరువు పిల్ల కళ్ళజోడు ఆవిడ వైపే చూస్తోంది, ఏం అడుగుతుందోనని. మా ఆడపడుచు కిటికీ దగ్గర నుంచి చూసింది. చూసి ఊరుకోవలసింది. ఊరుకోవడం ఆమెకు అన్నిచోట్లా చేతనవును, అక్కడ తప్ప. రెండంగల్లో వచ్చి గొట్టానికున్న చిన్న చక్రం తిప్పి బిగించేసింది. ముసలాయన చేయి సరిచేసి, అప్పుడు తలెత్తి చూసింది.

“ఎవరమ్మా నువ్వు?” అంది కళ్ళజోడు ఆవిడ.

“ఆయానండి.”

“ఇక్కడ ఆయాలు సెలైన్ ముట్టుకుంటారా?”

ఆవిడ ఫైలాయన చేత ఏదో రాయించింది. మేనేజరు ఒక్కసారిగా ఈమె మీద విరుచుకుపడ్డాడు, నీకెన్నిసార్లు చెప్పాలి, నీ పని నువ్వు చూసుకోలేవా అని. ఏకవచనంలో, వార్డంతా వింటుండగా. ఆ తర్వాత ఆఫీసులో కూర్చోబెట్టి, తాను ఆయానని, తెలియక సెలైన్ ముట్టుకున్నానని, ఇకమీదట రోగి మందుల జోలికి వెళ్ళనని రాయించి సంతకం పెట్టించారు. అది పెట్టకపోతే తనిఖీ వాళ్ళు ఆసుపత్రి మీద కేసు పెడతారన్నారు. పెట్టింది. ఆ కాగితాన్ని కళ్ళజోడు ఆవిడ పట్టుకుపోయింది.

తెలియక! తెలిసి చేసిన పనిని తెలియక చేశానని రాసింది మా పిల్ల, తెలియనివాళ్ళందరూ చుట్టూ నిలబడి రాయిస్తుంటే.

గండం గట్టెక్కింది. పూలకుండీలు పోయాయి, మెట్ల కిందకు మంచాలు వచ్చాయి. ఈమె మళ్ళీ తన యూనిఫాం వేసుకుని తన పని చేసుకుంటోంది, ఉత్తరం అడుగుతోంది. ఈ వారం అంది మేడమ్. డాక్టరుగారు ఊళ్ళో లేరంది. తర్వాత లెటర్‌హెడ్లు అయిపోయాయంది. అంత పెద్ద ఆసుపత్రిలో ఒక్క ఉత్తరానికి కాగితం కరువొచ్చింది. ఇక ఆగలేక నేనే మా ఆడపడుచును వెంటబెట్టుకుని కౌన్సిల్ ఆఫీసుకు వెళ్ళాను, ఆ ఉత్తరం లేకుండా పని అవుతుందేమో కనుక్కుందామని.

అక్కడ కిటికీ వెనక ఒక గుమాస్తా ఉంది, చిన్న వయసే, జలుబు చేసి ముక్కు తుడుచుకుంటూ ఉంది. మర్యాదగానే మాట్లాడింది. నంబరు అడిగి కంప్యూటర్లో చూసింది. మళ్ళీ చూసింది. లోపలికి వెళ్ళి ఒక ఫైలు తెచ్చింది, అందులో పైనే తనిఖీ రోజున ఈమె సంతకం పెట్టిన కాగితం ఉంది.

“మీరు నర్సా అమ్మా, ఆయానా?” అంది. “నాకు ఏదో ఒకటి చెప్పండి. నర్సునంటే పేరు చెల్లకుండా ఇన్నేళ్ళు పనిచేసినందుకు మీమీద చర్య తీసుకోవాలి. ఆయానంటే మీరు ఇన్నేళ్ళూ నర్సు పని చేయనట్టే, మీ పేరు మళ్ళీ ఎక్కించడం కుదరదు.”

మా ఆడపడుచు నా వైపు చూసింది. నేను కాపురానికి వచ్చినప్పటినుంచి ఎవరేమడిగినా నా వైపు చూడటమే ఆమెకు అలవాటు. ఈ ఒక్కదానికి నేను జవాబు చెప్పలేదు. అది ఆమె చెప్పవలసిన మాట.

“నర్సునేనండి,” అంది.

గుమాస్తా ముక్కు తుడుచుకుని, అయితే కమిటీ ముందుకు రావాలి, ఆసుపత్రి వాళ్ళను కూడా పిలుస్తారు అని చెప్పింది.

పిలుపు ఆసుపత్రికి చేరిన రోజున మేడమ్ ఈమెను గదిలోకి పిలిచి తలుపు వేసింది. ఎందుకమ్మా ఇదంతా అంది. పేరు లేకపోతే మాత్రం ఏం, నీ పని నువ్వు చేసుకో, మన హాజరు పుస్తకంలో ఆయా అని ఉంటుంది, జీతంలో తేడా రాదు. ఇప్పుడు నువ్వు నర్సువని మేము రాసిస్తే ఆ రోజు మేము అబద్ధమాడినట్టు కాదా? మేము అబద్ధమాడామంటే నువ్వూ అబద్ధమాడినట్టే కదా? ఇలా సాగింది మేడమ్ ధర్మశాస్త్రం. మా ఆడపడుచు వింది. విని, కమిటీకి వస్తాను మేడమ్ అని బయటకు వచ్చింది. ఆ పూటతో డ్యూటీ మాన్పించారు.

ఆమె నర్సేనని చెప్పేవాళ్ళు కావాలి. నేను చిలక దగ్గరకు వెళ్ళాను. ఎప్పుడూ మూయని నోరు అప్పుడు మూసుకుంది. నా సర్టిఫికెట్లు కూడా అదే బీరువాలో ఉన్నాయి పెద్దమ్మా అంది. మిగతా పిల్లలూ అదే పాట. వాళ్ళను తిట్టాలనుకుని వెళ్ళి తిట్టకుండా తిరిగొచ్చాను. చివరికి పెద్దాయా ఇంటికి వెళ్ళాను. ఒక గది, బయట ఆరేసిన ఆ బూడిద కోటు.

“నేను రానమ్మా,” అంది పెద్దాయా. “నన్నూ నా మనవరాలినీ బతికిస్తున్నది ఆ ఆసుపత్రే. సిస్టరమ్మకి మీరున్నారు. నాకెవరున్నారు?”

అందులో తప్పేముంది? తిరిగొచ్చేశాను.

కమిటీ రోజున మేము ముందే వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. పెద్ద డాక్టరు, మేడమ్, వాళ్ళ లాయరు వచ్చి మమ్మల్ని చూడనట్టు లోపలికి వెళ్ళారు. కాసేపటికి చూస్తే పెద్దాయా వస్తోంది, ఆయాసపడుతూ. కూర్చోమన్నా కూర్చోలేదు. రానన్నావుగా అన్నాను.

“పొద్దున డాక్టరుగారు మేనేజరుతో అంటుంటే విన్నానమ్మా. ఆ కోటు తొడిగాం, ఆయా అన్నాం, అయిపోయింది, అదేమన్నా పెద్ద చదువా ఎవరు చూస్తారు అని. ఎవరికి కోటు తొడిగితే వాళ్ళు ఆయా అయిపోతారా? నా పని కూడా పనేనమ్మా. ఒక్క పూటలో వచ్చేది కాదు.”

లోపల పొడుగు బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న నెరిసిన జుట్టు ఆవిడ కూడా ఒకప్పుడు నర్సేనట. ముందు పెద్ద డాక్టరును అడిగారు, ఈవిడ మీ దగ్గర ఏం చేసేది అని. ఆయన మా పిల్లవైపు చూడలేదు. నా పక్కనే గోడకున్న గడియారాన్ని చూస్తూ చెప్పాడు.

“ఆయా అండి.”

ఎన్ని ఆపరేషన్లకు ఆయన పక్కన నిలబడిందో మా ఆడపడుచు. ఆయన తల్లి పోయిన రోజున కూడా ఆపరేషన్ ఆగకూడదంటే, పక్కన నిలబడి ఆయన చెమట తుడిచిందట. ఆ మనిషి ఆయా అన్నాడు. నేను లేచి ఏదో అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను, అచ్చులో బాగుండదు. నెరిసిన జుట్టు ఆవిడ నన్ను కూర్చోమంది, కూర్చోకపోతే బయట నిలబడమంది.

తర్వాత పెద్దాయాను అడిగారు.

“ఈవిడ మీ ఆసుపత్రిలో ఏం పని చేసేది?”

“నా పని తప్ప అన్నీ చేసేదండి.”

“నీకెలా తెలుసు?”

“ఆవిడ కట్లు కడుతుంటే కింద రక్తం తుడిచేది నేనే కదండీ.”

“మరి తనిఖీ రోజున ఆయా కోటు ఎందుకు వేసుకుంది?”

“అది నా కోటండి. నేను ఆ పూట గిడ్డంగిలో కూర్చున్నా, పాత బట్టతో. కోటు లేని ఆయా కనబడకూడదన్నారు.”

లాయరు అడ్డం తగలబోయాడు. పెద్దాయా అతనివైపు చూసి, నా మాట అయ్యాక మీరు చెప్పండి బాబూ, నాకు మాట మధ్యలో ఆపితే మళ్ళీ రాదు అంది. ఆ గదిలో ఆ రోజు నవ్వు వచ్చింది ఆ ఒక్కసారే. పెద్ద డాక్టరు మాత్రం నవ్వలేదు.

కమిటీ నమ్మింది. నమ్మడం వల్ల మాకు ఒరిగింది ఏమిటంటే, అవును, ఈవిడ నర్సే అని తేల్చారు. నర్సు కాబట్టి పేరు చెల్లకుండా పనిచేసిన తప్పు కూడా ఈవిడదే అని తేల్చారు. రెన్యువల్ ఎవరిది వాళ్ళు చూసుకోవాలి, ఆఫీసు చూస్తుందనుకోవడం సమాధానం కాదన్నారు. ఆసుపత్రికి ఒక హెచ్చరిక రాశారు, ఇకమీదట ఏటేటా అందరి పేర్లూ సరిచూసుకోవాలని, ఒరిజినల్స్ ఎవరివి వాళ్ళకు తిరిగిచ్చేయాలని. మేడమ్ తలూపి ఆ హెచ్చరికను చక్కగా మడిచి సంచిలో పెట్టుకుంది. మా ఆడపడుచు మాత్రం ఆరు నెలలు ట్రైనీగా ఒక రిజిస్టర్డ్ నర్సు పర్యవేక్షణలో మళ్ళీ పనిచేసి, పరీక్ష రాసి, అప్పుడు పేరు ఎక్కించుకోవాలి. అలాంటి శిక్షణకు అనుమతి ఉన్న ఆసుపత్రి మా దగ్గర్లో ఒక్కటే. అది ఏదో చెప్పనక్కర్లేదు.

“వెళ్ళకు,” అన్నాను ఇంటికొచ్చాక. “ఇంతకాలం చేశావు, చాలు. ఆ గడప మళ్ళీ తొక్కితే నాతో మాట్లాడకు.”

“పేరు లేకుండా ఇంట్లో కూర్చుంటే నేనెవరిని వదినా?” అంది. నా ఎదురుగా అంత మాట అనడం అదే మొదలు.

వెళ్ళింది. ట్రైనీలు వేసుకునే పట్టీ భుజానికి పెట్టుకుని వెళ్ళింది, కూతుళ్ళ వయసు పిల్లల వరసలో నిలబడింది. ఆమెను పర్యవేక్షించే రిజిస్టర్డ్ నర్సు ఎవరంటే చిలక. రోజూ సాయంత్రం ఈవిడ ఏమేం నేర్చుకుందో రాసి ఆ పిల్ల సంతకం పెట్టాలి. మొదటిరోజు చిలక పెన్ను పట్టుకుని ఏడ్చిందట. ఏడవకు, సంతకం పెట్టు, బస్సు పోతుంది అందట మా ఆడపడుచు. నేర్పిన మనిషే నేర్చుకుంటున్నట్టు రాయించుకుంది, రోజూ. ఆ నెలలన్నీ మా ఇంట్లో ఎవరూ ఆసుపత్రి మాట ఎత్తలేదు. పరీక్ష రాసింది. పేరు ఎక్కింది. ఫోన్లో నంబరు కొట్టి నాకు చూపించింది. నేను చూసి సరే అన్నాను.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ ఇంకా ఉంది.

పెద్దాయాను కమిటీ అయిన మర్నాడే తీసేశారు. వయసైపోయింది, పని సరిగా చేయడం లేదన్నారు. ఆయాలకు రిజిస్టరు లేదు, కౌన్సిల్ లేదు, ఏ కమిటీ పిలవదు. మా ఆడపడుచు పేరు ఎక్కిన నెలలోనే మేడమ్ కబురు పంపింది, వార్డుకు పెద్ద సిస్టరుగా రమ్మని. తియ్యగానే. కొత్తపిల్లలతో వేగలేకపోతున్నామని. మా ఆడపడుచు చేరింది. ఈసారి ఒరిజినల్స్ ఇవ్వలేదు, ఇంట్లోనే పెట్టుకుంది, అంతవరకు నేర్చుకుంది. చేరేటప్పుడు పెద్దాయాను కూడా తిరిగి తీసుకోమని అడిగిందట. చూద్దాం అందట మేడమ్.

మొన్న బజారులో పెద్దాయా కనిపించింది. ఒక బట్టల దుకాణం ముందు మెట్లు తుడుస్తోంది. నన్ను చూసి నడుం పట్టుకుని లేచింది. నేను తప్పుకుని పోయేలోపే పలకరించింది.

“సిస్టరమ్మ పేరెక్కిందామ్మా?”

“ఎక్కింది.”

“అక్కడే చేరిందంటగా.”

“చేరింది. నీ సంగతి అడిగింది మేడమ్‌ని.”

“మేడమేమంది?”

“చూద్దామందట.”

పెద్దాయా నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేసేదాన్ని. లేదు. ఆ మాట ఎన్నిసార్లు విన్నదో ఆవిడకు తెలుసు, అంతే. మెట్లు ఆరిపోతున్నాయని మళ్ళీ వంగింది.

సాయంత్రం మా ఆడపడుచు డ్యూటీ నుంచి రాగానే ఈ సంగతి చెప్పాను. మేడమ్‌ను ఇంకోసారి అడగమన్నాను. ఆమె చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది.

“మళ్ళీ మళ్ళీ అడిగితే నన్నూ పొమ్మంటారేమో వదినా.”

“పొమ్మంటే పోవే. నీ పేరు ఇప్పుడు నీ దగ్గరే ఉందిగా.”

“పేరుంది. ఈ వయసులో ఇంకోచోట ఎవరిస్తారు పని?”

అదీ నిజమే. నిజమైనంత మాత్రాన ఆమె చేసింది ఒప్పయిపోదు. కాళ్ళు కడుక్కుని రమ్మని, కంచం పెట్టి వడ్డించాను. వడ్డించానే గానీ, ఆ పూట ఆమె పక్కన కూర్చుని తినబుద్ధి కాలేదు.